రోల్స్ రాయిస్ పేరు వెనక ఉన్న చేతులు

(విజయవాడలో ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థులు, వర్క్‌షాప్ పనివాళ్ళ ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడి ఉన్న ఆటోనగర్ మేస్త్రీలు దయచేసి ముందుకొచ్చి కూర్చోండి. కుర్చీలు చాలానే ఉన్నాయి. ఈరోజు నేను చెప్పబోయేది పిల్లలకంటే మీకే ఎక్కువ తెలిసిన సంగతి.

రోల్స్ రాయిస్ కారు అనగానే మనలో చాలామందికి ఒక కథ గుర్తొస్తుంది. ఫోన్లలో ఏడాదికి నాలుగుసార్లయినా తిరుగుతుంది. ఒక మహారాజు మామూలు బట్టల్లో లండన్ షోరూముకి వెళ్తాడు. అక్కడి సేల్స్‌మన్ ఆయన్ని చులకనగా చూసి బయటికి పంపేస్తాడు. మహారాజు మర్నాడు రాజఠీవితో తిరిగొచ్చి, షోరూములో ఉన్న కార్లన్నీ కొనేసి, సొంత ఊరు తెచ్చి, మునిసిపాలిటీ వాళ్ళకిచ్చి చెత్త ఎత్తమంటాడు. ప్రపంచమంతా నవ్వితే కంపెనీ వాళ్ళు టెలిగ్రాం కొట్టి క్షమాపణ అడుగుతారు. ఆ మహారాజు ఒకసారి అల్వర్ రాజు, ఒకసారి పటియాలా రాజు, ఇంకోసారి భరత్‌పూర్ రాజు. మన దగ్గర చెప్పేటప్పుడు నిజాం ప్రభువు. ఒకే అవమానం, ఒకే టెలిగ్రాం ఇంతమందికి జరగదు కదా. దీనికి కాగితం మీద ఆధారం ఎవరూ చూపించలేదు.

ఆ కథ చెప్పుకునేవాళ్ళ మీద నాకు కోపం లేదు. రెండు వందల ఏళ్ళు పడ్డ అవమానానికి మనవాడొకడు బదులిచ్చాడని వింటే కడుపు నిండుతుంది. నా బాధ వేరే. ఆ కథ వల్ల అసలు మనిషి కనపడకుండా పోయాడు. ఆ పేరులో రెండో సగం, రాయిస్ అనే మనిషి, చిన్నప్పుడు ఆ షోరూము గుమ్మం ఎక్కి ఉంటే ఆయన్నీ బయటికే పంపేవాళ్ళు. కథలో మహారాజుకి జరిగిందంటున్న అవమానం, ఆయన లాంటి పిల్లలకి లండన్ వీధుల్లో రోజూ జరిగేదే.

హెన్రీ రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లండులో పీటర్‌బరో పక్కన ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పిండిమర నడిపి నష్టపోయాడు. కుటుంబం లండన్ చేరింది. పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి చనిపోయాడు. వీధుల్లో పేపర్లు అమ్మాడు, ఇంటింటికీ టెలిగ్రాములు అందించాడు. బడి చదువు పెద్దగా సాగలేదు. తర్వాత బంధువు ఒకావిడ ఏడాదికి 20 పౌండ్లు కట్టి, పీటర్‌బరోలో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేర్పించింది. ఫైలు పట్టడం, లేత్ మీద పని చెయ్యడం అక్కడే నేర్చుకున్నాడు. మూడేళ్ళయ్యేసరికి ఆవిడ దగ్గర డబ్బు అయిపోయింది. అప్రెంటిస్ పూర్తి కాకుండానే బయటికొచ్చేశాడు. ఇక్కడ డిప్లొమా మధ్యలో ఆపేద్దామా అన్న టెన్షన్‌లో ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే ఈ మాట వినాలి. ఆపేయమని నేను చెప్పడం లేదు. చేతిలోకి వచ్చిన పని మాత్రం ఎక్కడికీ పోదు అంటున్నాను.

1884లో మాంచెస్టర్‌లో క్లేర్‌మాంట్ అనే స్నేహితుడితో కలిసి చిన్న షాపు పెట్టాడు. అక్కడ చేసింది కార్లు కాదు. కాలింగ్ బెల్లులు, బల్బు హోల్డర్లు. మన పాత ఇళ్ళల్లో బల్బుని నొక్కి తిప్పితే బిగుసుకునే రెండు పిన్నుల హోల్డర్ ఉండేది, గుర్తుందా? ఆ రకం హోల్డర్‌ని మెరుగుపరిచి 1897లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత కరెంటు పుట్టించే డైనమోలు, కరెంటుతో నడిచే క్రేన్లు. ఆయన డైనమోకి ఒక మంచి పేరుండేది, నిప్పురవ్వలు రాల్చదని. మాంచెస్టర్ అంటే నూలు మిల్లుల ఊరు. పత్తి దుమ్ము లేచేచోట ఒక్క రవ్వ పడితే ఏమవుతుందో గుంటూరు జిన్నింగ్ మిల్లుల్లో పని చేసినవాళ్ళకి నేను చెప్పాలా? రోల్స్ రాయిస్ నాణ్యత అని లోకం ఈరోజుకీ చెప్పుకునేది ఆ డైనమో దగ్గర మొదలైందని నా నమ్మకం.

తర్వాత ఆయన ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రెంచి కారు కొన్నాడు. డెకోవిల్ దాని పేరు. ఆ రోజులకి అది చెడ్డ కారేం కాదు. అయినా దాని మోత, అదురు, వైరింగు ఆయనకి నచ్చలేదు. మొత్తం విప్పేశాడు. ప్రతి ముక్కనీ బల్ల మీద పరిచి, దీన్ని ఇంకా బాగా ఎలా చెయ్యొచ్చు అని చూసుకుంటూ పోయాడు. అలా తయారైన రెండు సిలిండర్ల పది హార్స్‌పవర్ కారు 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది. కొత్తగా కనిపెట్టింది తక్కువ. ఉన్నదాన్నే వదలకుండా సానబట్టడం ఎక్కువ. మీ షెడ్లలో జరిగేదీ అదేగా.

ఇక పేరులో మొదటి సగం. చార్లెస్ రోల్స్ ఒక లార్డు గారి కొడుకు. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివాడు. లండన్‌లో ఫ్రెంచి, బెల్జియం కార్లు తెప్పించి అమ్మేవాడు. తన దేశంలో తయారైన మంచి కారు ఒక్కటి కూడా అమ్మలేకపోతున్నానన్న వెలితి ఉండేది. 1904 మే 4న మాంచెస్టర్‌లో మిడ్‌లాండ్ హోటల్‌లో ఇద్దరూ కలిశారు. రెండు సిలిండర్ల బండి అంటే గడగడలాడుతుందని రోల్స్‌కి ముందునించీ ఇష్టం లేదు. రాయిస్ కారులో కూర్చున్నాక ఆ అభిప్రాయం మారిపోయింది. నువ్వు చెయ్యి, నేను అమ్ముతాను అని మాట ఇచ్చిపుచ్చుకున్నారు. 1906 మార్చిలో కంపెనీ పెట్టారు. మూడో మనిషి క్లాడ్ జాన్సన్. రోల్స్‌కీ రాయిస్‌కీ మధ్య ఉన్న గీతని నేనే అని చెప్పుకునేవాడు. లెక్కలు, ప్రచారం, ఎవరిని ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ ఆయనే చూశాడు.

ఇప్పుడు కాస్త మెకానికల్ సంగతిలోకి వెళ్దాం. ఇది చెప్పకపోతే నేను ఇక్కడికి వచ్చి ఉపయోగం లేదు.

ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల ఇంజన్ అంటే అందరికీ భయం. పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ పొడుగు పెరుగుతుంది. ఒక్కో సిలిండర్‌లో పెట్రోల్ పేలినప్పుడల్లా షాఫ్ట్ కొంచెం మెలిపడి మళ్ళీ వెనక్కి వస్తుంది. తడిబట్టని రెండు చేతుల్తో పిండి వదులుతుంటే ఎలా ఉంటుందో అలా. ఒక వేగం దగ్గర ఆ మెలి, ఇంజన్ పేలుళ్ళు ఒకే తాళంలో పడతాయి. అప్పుడు ఉక్కు షాఫ్ట్ కూడా పుల్లలా విరిగిపోతుంది. రాయిస్ మొదట చేసిన ఆరు సిలిండర్ల కారుకీ ఈ జబ్బు ఉండేది. ఆయన దాన్ని దాచిపెట్టి అమ్మకాలు కొనసాగించలేదు. కొత్త ఇంజన్ గీశాడు. సిలిండర్లని మూడు మూడుగా రెండు దిమ్మలు చేశాడు. షాఫ్ట్‌ని లావు చేశాడు. ముందు సగానికి వెనక సగం అద్దంలో బొమ్మలా ఉండేట్టు మలిచాడు. షాఫ్ట్‌ని మోసే మెయిన్ బేరింగులు ఏడు వేసి, వాటికి ప్రెషర్‌తో ఆయిల్ అందేట్టు చేశాడు. ఏడు లీటర్ల ఇంజన్ అది. చాసిస్, అంటే బండి కింది చట్రం, దాని ముక్కల్ని రివెట్లు కొట్టి కలపడం సులువు, చవక. ఆయన రివెట్లు వద్దన్నాడు. కొద్దిగా వాలు ఉన్న టేపర్ బోల్టులు చేయించి, ప్రతి రంధ్రానికీ చేత్తో అమర్చి బిగింపించాడు. రివెట్టు ఎప్పటికైనా వదులై కిర్రుమంటుందని మీకూ తెలుసు.

1907లో ఆ మోడల్ కారు ఒకదానికి వెండి రంగు వేసి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టారు. ఘోస్ట్, అంటే దెయ్యం, అని ఎందుకన్నారంటే, వస్తున్న చప్పుడు తెలియదు కాబట్టి. జాన్సన్ దాన్ని షోరూములో పెట్టి పూజించలేదు, రోడ్డు మీదకి తోలాడు. ఆటోమొబైల్ క్లబ్బు వాళ్ళ పరిశీలకుల్ని పక్కన కూర్చోబెట్టి, లండన్‌కీ గ్లాస్గోకీ మధ్య పగలూ రాత్రీ 27 సార్లు తిప్పాడు. ఆదివారాలు మాత్రం సెలవు. పరీక్ష మొత్తం 15,000 మైళ్ళు. అందులో అనుకోకుండా ఆగింది ఒక్కసారే. అదుర్లకి పెట్రోల్ ట్యాప్ దానంతటదే మూసుకుంది. అంతే. ఆ తర్వాత 14,371 మైళ్ళు ఆగకుండా నడిచింది. ఇప్పటి హైవే మీద కాదు, 1907 నాటి రాళ్ళ రోడ్ల మీద, ఆ నాటి టైర్లతో. పరీక్ష అయ్యాక బండిని పూర్తిగా విప్పి, అరిగిన ముక్కలన్నీ కొత్తవి వెయ్యడానికి ఎంతవుతుందో లెక్క కట్టారు. రెండు పౌండ్ల పైన కొద్ది చిల్లర. చాసిస్ ధర ఒక్కటే 985 పౌండ్లు ఉన్న బండికి!

ప్రపంచంలో అన్నిటికంటే మంచి కారు అన్న పేరు అప్పుడు వచ్చింది. అది ప్రకటన రాసేవాళ్ళు ఇచ్చిన బిరుదులా మనకి ఇప్పుడు వినిపిస్తుంది గానీ, దాని వెనక విప్పి చూపించిన ఇంజన్ ఉంది. ఏది అరిగిందో, ఎంత అరిగిందో బల్ల మీద పెట్టి చూపించిన లెక్క ఉంది. ఆ పేరు కొనుక్కుంటే వచ్చింది కాదు.

చాసిస్ అన్నాను కదా. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ కారు అమ్మేది కాదు, ఇది చాలామందికి తెలియదు. ఇంజన్, చాసిస్, చక్రాలు, ముందు రేడియేటర్ వరకే ఇచ్చేది. బాడీ వేరే వాళ్ళు కట్టేవాళ్ళు. బార్కర్, హూపర్, మల్లినర్, పార్క్ వార్డ్, ఇలా లండన్‌లో పేరున్న బాడీ బిల్డర్లు ఉండేవాళ్ళు. వాటిలో కొన్ని అంతకుముందు గుర్రబ్బళ్ళు కట్టిన వంశాలు. కొనేవాడు చాసిస్ తీసుకెళ్ళి వాళ్ళ షెడ్డులో పెట్టి, నాకు సీటు ఇలా ఉండాలి, తలుపు అలా ఉండాలి అని చెప్పి కట్టించుకునేవాడు. ఇప్పుడు చెప్పండి, మన జవహర్ ఆటోనగర్‌లో లారీకి జరిగేది ఏమిటి? కంపెనీ నించి చాసిస్ వస్తుంది. బాడీ మన దగ్గర కడతారు. వడ్రంగి, వెల్డరు, పెయింటరు, సీట్లు కుట్టేవాడు, ఒక్కొక్కరి చెయ్యి పడుతుంది. యజమాని పక్కన నిలబడి తనకి కావలసినట్టు చెప్పుకుంటాడు. పద్ధతి ఒకటే. అక్కడ పట్టు పరదాలు, ఇక్కడ పూసల దండలు. అక్కడి బాడీ బిల్డర్ల పేర్లు మ్యూజియంల్లో రాసి పెట్టారు. ఇక్కడి మేస్త్రీల పేర్లు ఎవరూ రాయలేదు. ఈ తేడా నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది.

బార్కర్ వాళ్ళు కట్టిన బండి ఒకటి మనకి దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడండి. పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్. అసఫ్ జాహీల జెండా రంగు అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించారు. వెనక సీటు మిగతా సీట్లకంటే ఎత్తుగా, సింహాసనంలా ఉంటుంది. ఊరేగింపులో ప్రజలకి ప్రభువు కనపడాలి కదా. కానీ బండి చేరకముందే, 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ పొదుపు మనిషి. దాన్ని ఎప్పుడో ఉత్సవాలకి తప్ప బయటికి తియ్యలేదు. దశాబ్దాల తరబడి ఉన్నా కొన్ని వందల మైళ్ళే తిరిగిందని చెబుతారు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. జనం సింహాసనం సీటు చూసి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. బానెట్ కింద ఉన్న ఆ రెండు దిమ్మల ఇంజన్ కోసం ఒక్కరైనా ఆగుతారేమోనని చూశాను. మీరు వెళ్తే ఆగండి.

రోల్స్ ఎక్కువ కాలం బతకలేదు. విమానాల మీద మనసు పోయింది. 1910 జూన్‌లో ఇంగ్లిష్ చానల్‌ని ఆగకుండా అటూ ఇటూ దాటిన మొదటి మనిషి ఆయనే. ఆ మరుసటి నెలలోనే బోర్న్‌మత్‌లో విమానం విరిగి చనిపోయాడు. 32 ఏళ్ళు. 1911లో రాయిస్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. తిండి, నిద్ర మాని పని చేసిన మనిషి. ఫ్యాక్టరీ అప్పటికే డెర్బీకి మారింది. జాన్సన్ పట్టుబట్టి ఆయన్ని అక్కణ్ణించి దూరంగా పంపించాడు. చలికాలం దక్షిణ ఫ్రాన్స్‌లో, వేసవిలో ఇంగ్లండు సముద్రతీరాన, 1917 నించి వెస్ట్ విటరింగ్ అనే పల్లెలో. ఒక నర్సు, కొద్దిమంది డ్రాయింగ్ వాళ్ళు పక్కన ఉండేవాళ్ళు. చనిపోయేదాకా, అంటే ఇరవై ఏళ్ళ పైన, అక్కణ్ణించే గీతలు గీసి, ఉత్తరాలు రాసి పంపేవాడు. డెర్బీలో చేసిన ముక్క ఆయన దగ్గరికి వచ్చేది, తప్పులు గుర్తు పెట్టుకుని తిరిగి వెళ్ళేది. విమాన ఇంజన్లు కూడా అలాగే పుట్టాయి. 1919లో అల్కాక్, బ్రౌన్ అట్లాంటిక్‌ని ఆగకుండా దాటిన విమానానికి ఉన్నవి రోల్స్ రాయిస్ ఈగల్ ఇంజన్లు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్‌కి పెట్టిన మెర్లిన్ సంగతి మీరు చదివే ఉంటారు.

బానెట్ మీద రెక్కలు చాపి ముందుకి వంగిన అమ్మాయి బొమ్మ గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. 1911లో చార్లెస్ సైక్స్ అనే శిల్పి చేశాడు. ఎలినార్ థార్న్‌టన్ అనే ఆవిడ రూపం అది అంటారు. ఆవిడ లార్డ్ మాంటేగు అనే ఇంగ్లిష్ ప్రభువు దగ్గర కార్యదర్శి. 1915 డిసెంబరులో ఇద్దరూ ఇండియాకి ఓడలో బయల్దేరారు. మధ్యధరా సముద్రంలో జర్మన్ సబ్‌మెరీన్ ఆ ఓడని ముంచేసింది. మాంటేగు బతికాడు, ఆవిడ మునిగిపోయింది. మన దేశం వైపు వస్తూ పోయిన ప్రాణం అది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు అదే తలపుకొస్తుంది.

ఇంకో మాట. కారు ముందు బిళ్ళ మీది ఆర్.ఆర్. అక్షరాలు ఒకప్పుడు ఎర్రగా ఉండేవి, రాయిస్ చనిపోతే దుఃఖానికి గుర్తుగా నల్లగా మార్చారని చెబుతారు. అదీ చెత్తబండి లాంటి కథే. ఎరుపు కొన్ని కార్ల రంగులతో కలవడం లేదని ఆయన బతికుండగానే మార్పు మొదలైంది.

తర్వాతి కాలం త్వరగా చెబుతాను. 1931లో బెంట్లీ అనే ఇంకో కార్ల కంపెనీని కొన్నారు. యుద్ధం తర్వాత కార్ల తయారీ క్రూ అనే ఊరికి మారింది. బాడీ కూడా కంపెనీలోనే కట్టడం అక్కణ్ణించి పెరిగింది. 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా తీసింది. చాలామంది కార్లు అమ్ముడుపోక మునిగిందనుకుంటారు. కాదు. ఆర్బీ 211 అనే జెట్ ఇంజన్‌కి పెట్టిన ఖర్చు ముంచేసింది. ప్రభుత్వం విమాన ఇంజన్ల భాగాన్ని తన చేతిలోకి తీసుకుంది. కార్ల భాగాన్ని విడగొట్టి అమ్మేసింది.

1998లో జరిగింది మాత్రం వినండి. కార్ల కంపెనీని అమ్మకానికి పెట్టారు. బీఎండబ్ల్యూ 340 మిలియన్ పౌండ్లు అంది. ఫోక్స్‌వ్యాగన్ 430 మిలియన్లు పెట్టి గెలిచింది. క్రూ ఫ్యాక్టరీ, పనివాళ్ళు, డ్రాయింగులు, బానెట్ మీది బొమ్మ, ముందు గ్రిల్ ఆకారం, బెంట్లీ, అన్నీ ఫోక్స్‌వ్యాగన్‌కి వచ్చాయి. రాని వస్తువు ఒక్కటే. పేరు. రోల్స్ రాయిస్ అన్న మాట విమాన ఇంజన్ల కంపెనీ దగ్గర ఉండిపోయింది. ఆ కంపెనీ దాన్ని 40 మిలియన్ పౌండ్లకి బీఎండబ్ల్యూకి ఇచ్చింది. చివరికి రాజీ పడ్డారు. 2002 చివరి దాకా ఫోక్స్‌వ్యాగన్ చేసింది. బెంట్లీ, క్రూ దానికే మిగిలాయి. 2003 జనవరి నించి రోల్స్ రాయిస్ బీఎండబ్ల్యూది. అంటే ఆ బండ్లు చేసిన చేతులు ఒకచోట ఉండిపోయాయి, పేరు ఇంకో చోటికి పోయింది. కొత్త ఫ్యాక్టరీ, కొత్త మనుషులు. ఇది సబబేనా అంటే, చట్టం ప్రకారం సబబే. క్రూలో ముప్ఫై నలభై ఏళ్ళు ఆ కార్లు కట్టిన మనిషిని తలచుకుంటే మాత్రం నాకు మనసొప్పదు.

కొత్త ఫ్యాక్టరీ దక్షిణ ఇంగ్లండులో గుడ్‌వుడ్ దగ్గర కట్టారు. రాయిస్ చివరి రోజులు గడిపిన వెస్ట్ విటరింగ్‌కి అది కొద్ది మైళ్ళ దూరమే. 2023లో 6,032 కార్లు అమ్మారు. ఏడాది మొత్తానికి! పక్కన పొడుగునా పోయే సన్నటి గీత ఉంటుందే, దాన్ని ఉడత వెంట్రుకల కుంచెతో, స్కేలు లేకుండా చేత్తో గీస్తారు. చాలా ఏళ్ళు ఆ పని చేసింది ఒక్క మనిషే. లారీల మీద పువ్వులు, అక్షరాలు వేసే మన పెయింటర్లు ఆ చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో చెప్పగలరు. లోపల కప్పుకి చుక్కల్లా మెరిసే వందల దీపాలు పెడుతున్నారు. డబ్బున్నవాళ్ళకి అది నచ్చుతోంది. నాకు నచ్చలేదు. దానివల్ల బండి బాగా నడవదు. 2023లోనే పూర్తిగా కరెంటుతో నడిచే స్పెక్టర్ వచ్చింది. అది నాకు నచ్చింది. చప్పుడు లేని బండి కోసం బతుకంతా తపించిన మనిషి, కాలింగ్ బెల్లుతో మొదలైన మనిషి, ఇది చూసి ఉంటే వెంటనే బానెట్ ఎత్తమనేవాడు.

రాయిస్‌కి 1930లో సర్ బిరుదు వచ్చింది. అప్పటికీ తనని తాను మెకానిక్ అనే చెప్పుకునేవాడు. 1933 ఏప్రిల్ 22న వెస్ట్ విటరింగ్‌లో చనిపోయాడు. చనిపోయే ముందు మంచం మీద లేచి కూర్చుని, ఒక కవరు వెనకవైపు షాక్ అబ్జార్బర్ బొమ్మ గీశాడని చెబుతారు. కారులో కూర్చున్నచోటినించే ఆ అబ్జార్బర్‌ని గట్టిగానో మెత్తగానో చేసుకునే ఏర్పాటు అది. నర్సుకిచ్చి, ఫ్యాక్టరీలో కుర్రాళ్ళకి పంపించమన్నాడట. ఆ కవరు డెర్బీ చేరేసరికి ఆయన లేడు.